గుంతమగ్గం మీద హెచ్‌డీ టీవీ

రెండువేల తొమ్మిదిలో ఆ టీవీ ఇంటికొచ్చినప్పటి నుంచి గౌరి మొగుణ్ణి తిట్టుకోని పూట లేదు. సొంత పట్టుతో నేసిన చీరలు అమ్ముకు రమ్మని హిందూపురం పంపిస్తే, మార్కండేయులు గోడకు తగిలించే కొత్త టీవీతో ధర్మవరం దిగాడు. తెస్తే తెచ్చాడు. మగ్గం పక్కన నేలమీద పెట్టుకుని, నేస్తూ నేస్తూ ఆమె చూసుకునే పాత టీవీని, కొత్తది బిగించవచ్చిన అంగడివాడికి మారకం ఇచ్చేశాడే, ఒక్కమాట అడిగాడా?

"ఇది హెచ్‌డీ! ఇంగ రెండేండ్లకు చానెళ్ళన్నీ ఇట్లే వస్తాయంట. మొగం మింద చెమటచుక్క గూడా కనపడ్తాదంట," అంటూ మగ్గానికి ఎదురుగోడకు, దూలం కిందుగా కొట్టించాడు. వాకిట్లో నిలబడి చూసినవాళ్ళంతా అబ్బబ్బా అన్నారు. గౌరి గుంతలో కాళ్ళు పెట్టుకుని, నేలమట్టాన కూర్చుని తలెత్తింది. మొహాలన్నీ మసి పూసినట్టున్నాయి.

"నాకేమీ కనపళ్ళేదే," అంది.

"ఇంత టీవీ కనపళ్ళేదంటే నీ కండ్లు పోయినట్టే!" అని నవ్వాడు మార్కండేయులు. నవ్వి ఊరుకున్నాడా? పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే గంగాధరప్ప దగ్గరా అదే కూత కూశాడు.

వారం తిరక్కుండానే గంగాధరప్ప వచ్చాడు. "కొంగు నిండా బుట్టాలుండే పెండ్లిచీర నీకే ఇద్దామనుకుంటినమ్మా. నీ కండ్లు బాగలేవంట గదా. ఇంగ సాదా చీరలు నేసుకో తల్లీ," అన్నాడు జాలిగా.

ఆ జాలికి గౌరి ఒళ్ళు మండిపోయింది. కనగానపల్లిలో శనక్కాయల చేలల్లో పెరిగిన పిల్ల, పెళ్ళై వచ్చి అత్త చేత తిట్లు తిని నేర్చుకున్న పని అది. ఆమె చీరకు ఇన్నేళ్ళలో ఒక్కరు వంక పెట్టలేదు. ఇప్పుడు గుడ్డిదన్న పేరు పడితే మంచి చీర చేతికిచ్చేదెవరు?

పేకదారం ఆడించే నాడెను పక్కకు గిరాటేసి లేచి, టీవీ చూస్తున్న మొగుడి వైపు తిరిగింది. "రాయ్యా, దిగు గుంతలోకి."

"నేనా? మగ్గం మింద కూచుని ఎన్నేండ్లాయనో..."

"దిగమంటాండా!"

గంగాధరప్ప చూస్తుండగా మార్కండేయులు దిగి కూర్చుని తలెత్తాడు. వార్తలు చదివే అమ్మాయి మొహం నల్లగా ఉంది. కళ్ళు నులుముకున్నాడు. లేచి నిలబడితే చక్కగా కనపడింది. కూర్చుంటే మళ్ళీ నలుపే.

"ఏం, నీ కండ్లు గూడా పోయినాయా?" అంది గౌరి.

"కిందనుంచి చూస్తే నల్లబడ్తాదే ఇది. కిందికి దింపిస్తాలే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"దింపుతావో పగలగొడ్తావో నీ ఇష్టం. నా కండ్లు పోయినాయని యాడాడ వాగినావో ఆడికంతా పోయి, అబద్ధమని చెప్పిరా. మొదలు ఈ యప్పకు చెప్పు. ఆడ కూచునే చెప్పు."

మార్కండేయులు తల వంచుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పు," అంది గౌరి. "టీవీ అరస్తాండాది, ఆయప్పకు ఇనపళ్ళేదు."