లక్క ముద్ర వేసిన కంప్యూటర్

ఏ తప్పూ చేయని స్నేహితుణ్ని బజారులో దొంగను చేసి, ఇంట్లో పచ్చడి మెతుకులకు కూడా మొహం వాచి, చివరికి మా ప్రిన్సిపల్ సార్ కళ్ళ ముందు నా పరువును నేనే స్క్రూడ్రైవరుతో విప్పి బల్ల మీద పెట్టిన వైనం చెబుతాను. జాలిపడాలనిపిస్తే ఆ స్నేహితుడు యాకూబ్ మీద పడండి, నా మీద వద్దు. నవ్వొస్తే మాత్రం మొహమాటపడకండి. మా ఇంట్లో వాళ్ళు ఎప్పుడో నవ్వి అలసిపోయారు.

తొంభైల చివరి మాట. మంచిర్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేవాణ్ని. ఎదుటివాడి వాదన వినకుండా ఎవరికీ శిక్ష వేయకూడదని పిల్లలకు బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ని. అందులో బల్ల గుద్దడం ఒక్కటే నాతో ఇంటిదాకా వచ్చేది. మిగతా పాఠం కాలేజీ గేటు దగ్గరే దిగిపోయేది.

ఇంటర్ పిల్లల కోసం ఒక గైడు రాసి అచ్చు వేయించాలని నా కోరిక. అందుకోసమే కంప్యూటరు కొన్నాను. అమ్మినవాడు యాకూబ్. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకటే బెంచీ. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే పని మానేసి, స్టేషన్ రోడ్డులో మడిగె కిరాయికి తీసుకుని కొత్తగా కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. అప్పుడే మా కాలేజీలో కంప్యూటర్ కోర్సు మొదలుపెట్టబోతున్నారు. మిషన్లన్నీ యాకూబ్ దగ్గరే కొనమని ప్రిన్సిపల్ సార్‌కు చెప్పింది నేనే. ఆ ఆర్డరు వస్తే దుకాణం నిలబడుతుంది. రాకపోతే యాకూబ్‌కు మళ్ళీ టేపురికార్డర్లే గతి. ఈ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు.

మా ఇంటికి వచ్చిన కంప్యూటరు డబ్బాకు ముందువైపు, సీడీ పెట్టే అర కింద, మూత లేని ఖాళీ సందు ఒకటి ఉండేది. "దీని మూత పట్నంకెళ్లి తెప్పిస్త" అన్నాడు యాకూబ్. నాకది పాత ఇళ్ళ గోడల్లో దీపం పెట్టుకునే గూడులాగా ముద్దొచ్చింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆ సాయంత్రం మేం జమ్మి ఆకును బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టి కావలించుకుంటాం. ఆ ఆకును బీరువాలోనో గల్లాపెట్టెలోనో దాచుకుంటాం. ఏటా మా ఇంటికి అందరికంటే ముందు వచ్చేది యాకూబే. ఆ ఏడు కూడా వచ్చి, జమ్మి రెమ్మ నా చేతిలో పెట్టి, "అలాయ్ బలాయ్ తీస్కో రాజిరెడ్డీ, గీ ఏడు నీ గైడు అచ్చయితది" అని గట్టిగా కావలించుకున్నాడు.

నా బీరువాలో చొక్కాలు తప్ప దాచదగ్గవి ఏమీ లేవు. ఇంట్లో అన్నిటికంటే విలువైంది కంప్యూటరు. అందుకని దాని తెరకు కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఆ జమ్మి రెమ్మ కొసకు కూడా కాస్త కుంకుమ అద్ది భక్తిగా గూట్లో పెట్టాను. పొద్దున చూస్తే రెమ్మ లేదు.

"సుగుణా, గూట్లె జమ్మి ఊడ్సి పారేసినవా?" అని నా భార్యను నిలదీశాను.

"నేనెందుకు ముడ్త? మీ మిషిన్ జోలికి నేను పోనే పోను."

"మరి ఎగిరిపోయిందా?"

"ఏమో. పండుగ పూట ఒర్రకుండ్రి."

నేను ఒర్రాను, వీధి చివరిదాకా వినబడేటట్టు.

ఆ రోజునుంచే గ్రహపాటు మొదలైంది. గైడులో ప్రాథమిక హక్కుల అధ్యాయం టైపు చేస్తుంటాను. ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి, తెల్లని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరతాయి. ఏదో ఘోరం జరిగిందట, ఏదైనా మీట నొక్కాలట. అన్ని మీటలూ నొక్కాను. కొన్నిటిని గుద్దాను కూడా. టైపు చేసిందంతా గంగలో కలిసేది. కాసేపు ఆపి పెడితే మళ్ళీ బుద్ధిమంతుడిలా లేచేది. నేను సమానత్వం ముగించి స్వేచ్ఛలోకి అడుగుపెట్టగానే మళ్ళీ నీలం. ఆ గైడులో స్వేచ్ఛ పుట్టేటట్టు కనిపించలేదు.

యంత్రాన్ని ఎంతసేపని తిట్టగలం, అది తిరిగి ఒక మాటైనా అనదు. కోపానికి మనిషి కావాలి. మొదట సుగుణ దొరికింది.

"నువ్వు మిక్సీ ఏసినప్పుడే కరెంటు గుంజుకుంటున్నది. బంద్ చెయ్యి."

"మరి పచ్చడి?"

"పచ్చడి లేకుంటే సస్తమా?"

"సరే, రోట్ల నూరుకుంట."

"ఆ దెబ్బలకు నా బల్ల ఊగుతది. అదిగూడ వద్దు."

ఆనాటినుంచి చప్పటి పప్పు తింటూ నీలం తెర చూశాను. తర్వాత పక్కింటివాళ్ళ టీవీని అనుమానించి, గోడ మీదుగా వాళ్ళతో జగడం పెట్టుకున్నాను. ఆ తర్వాత బొగ్గు రైలు. అది పోతుంటే ఇల్లు అదురుతుందని కంప్యూటరు కింద బొంత మడతపెట్టి పరిచాను. మెత్తటి పరుపు దొరికిన కొత్త అల్లుడిలా అది ఇంకా తొందరగా పడకేసింది.

చివరికి యాకూబ్‌ను పిలిచాను. పాపం, విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాడు. అతను కుర్చీలో ఉండగానే తెర నీలమైంది.

"వేడెక్కుతున్నట్టున్నది" అన్నాడు.

"నాకా, మిషిన్‌కా?"

"ఇద్దరికి. జర డబ్బా ఇప్పనియ్యి భై, లోపల సూస్త."

ఆ ముందు రోజే మా స్టాఫ్ రూములో ఎవరో అన్నారు, రిపేరు పేరుతో డబ్బా విప్పి, కొత్త సామాను తీసుకుని పాతది పెట్టేవాళ్ళు ఉంటారని. ఆ మాట నా చెవిలోంచి నేరుగా నాలుక మీదికి వచ్చింది. మధ్యలో బుర్ర అనే స్టేషన్లో ఆగలేదు.

"ఇప్పేది లేదు. కొత్త సామాను గుంజుకొని పాతది పెడ్తవు."

యాకూబ్ చేతిలోని స్క్రూడ్రైవరు కిందికి దించాడు. "నేను గట్ల జేస్తనా రాజిరెడ్డీ?"

"రేడియోలు ఇప్పినప్పుడు ఏం జేసినవో నాకేం ఎరుక?"

ఈ మాట రాస్తుంటే ఇవాళ కూడా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆనాడు మాత్రం వాదన గెలిచాననుకున్నాను. అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నేను అక్కడితో ఆగితే మనిషినే. పరీక్షలప్పుడు జవాబు పత్రాల కట్టలకు లక్కతో సీలు వేయడంలో మా కాలేజీలో నన్ను మించినవాడు లేడు. ఆ విద్య అంతా ప్రయోగించాను. డబ్బాకు గుడ్డ పట్టీలు చుట్టి, వెనక ఉన్న స్క్రూలన్నిటి మీదా లక్క కరిగించి పోసి, సంతకం పెట్టాను. గాలి ఆడే సందులు కూడా ఆ గుడ్డ కిందే పోయాయి.

"ఇగ ఎవడు ఇప్పుతడో సూస్త" అన్నాను.

"మీరు గూడ ఇప్పలేరు గద" అంది సుగుణ.

సీలు పడ్డాక ఆ డబ్బా గైడు తెరవకముందే నీలమవసాగింది. ఇదంతా యాకూబ్ కక్షగట్టి చేస్తున్నాడనుకున్నాను. అతను దుకాణంలో కూర్చుని మా ఇంటి డబ్బాను ఎలా పాడు చేస్తాడని మీరు అడగవచ్చు. కోపంలో ఉన్నవాణ్ని అలాంటివి అడగకూడదు. చాయ్ హోటల్లో చెప్పాను, స్టాఫ్ రూములో చెప్పాను, చివరికి ప్రిన్సిపల్ సార్ దగ్గరికి పోయి చెప్పాను.

"సార్, ఆ యాకూబ్ దగ్గర కొనకుండ్రి. దొంగ సామాను."

ఆయన లెక్కల మనిషి. "ఆయన మాట గూడ ఇనాలె గదనయ్యా. మీ ఇంటికే వస్త. యాకూబ్‌ను గూడ పిలువు, డబ్బా సూద్దాం" అన్నాడు. నా పాఠం కాలేజీలో కనీసం ఒక్కరికి వంటబట్టిందని అప్పుడు నాకు తోచలేదు.

ఆదివారం పొద్దున ఇద్దరూ వచ్చారు. ప్రిన్సిపల్ సార్ కుర్చీలో కూర్చున్నాడు. యాకూబ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, ఎంత చెప్పినా కూర్చోలేదు. సుగుణ చాయ్ తెచ్చింది. కంప్యూటరు స్విచ్ వేశాను. అది నా మాట నిలబెట్టి వెంటనే నీలమైంది.

"సూసిండ్రా సార్" అన్నాను, నా బిడ్డ సభలో పద్యం అప్పజెప్పినంత గర్వంగా.

"ఇప్పు యాకూబ్, లోపల ఏమున్నదో సూద్దాం" అన్నాడు ప్రిన్సిపల్ సార్.

"నేను ముట్ట సార్. సీలు ఆయనది, ఆయననే ఇప్పమనుండ్రి."

మెయిన్ స్విచ్ ఆపి విప్పడం మొదలుపెట్టాను. నేను వేసిన లక్క ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది. పెచ్చులు ఎగిరి ప్రిన్సిపల్ సార్ చాయ్‌లో పడ్డాయి. చెమటలు కక్కుతూ ఎట్లాగో మూత ఊడదీసి, "సూడుండ్రి సార్, అంత పాత సామా..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

లోపల మిషన్ వేడెక్కకుండా చల్లబరిచే చిన్న ఫ్యాను ఒకటి ఉంది. దాని రెక్కల మధ్య ఎండిపోయిన రెమ్మ ఒకటి ముళ్ళతో సహా ఇరుక్కుని ఉంది. ఆ కొసకు నేను అద్దిన కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

"ఇదేందయ్యా, పిట్ట గూడు పెట్టిందా?" అన్నాడు ప్రిన్సిపల్ సార్.

"జమ్మి సార్" అంది సుగుణ. "దసరా నాడు ఈయననే పెట్టిండు. లోపటికి జారినట్టున్నది. ఫ్యాను తిరుగకుంట పట్టుకున్నది." తర్వాత నావైపు తిరిగి మెల్లగా అంది, "నేను ఊడ్వలే."

యాకూబ్ అప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. రెమ్మను జాగ్రత్తగా ఊడదీసి, దసరా నాడు పెట్టినట్టే నా అరచేతిలో పెట్టాడు. కావలించుకోలేదు.

"నేను అమ్మింది మంచిగనే ఉన్నది రాజిరెడ్డీ. పైస తీస్కోకుండ ఊకె ఇచ్చిందే నిన్ను పరేషాన్ జేసింది."

ప్రిన్సిపల్ సార్‌కు నవ్వుతో పొలమారింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపిద్దామా అని చుట్టూ చూశాను. మిక్సీ మూలన ముసుగేసుకుని ఉంది. పక్కింటి టీవీ మోగడం లేదు. రైలు జాడ లేదు. ఇంట్లో నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మళ్ళీ స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది. ప్రిన్సిపల్ సార్ రెండో చాయ్ తాగేదాకా తెర నీలం కాలేదు.

"యాకూబ్, తప్పయింది" అన్నాను.

"గిది ఇంట్ల జెప్తే నడ్వదు. నువ్వు నన్ను దొంగ అన్నది చాయ్ హోటల్ల."

నిజమే. రెమ్మ చేత్తో పట్టుకుని చాయ్ హోటలుకు పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక బల్ల వాళ్ళకు వినబడలేదంటే మళ్ళీ చెప్పాను. స్టాఫ్ రూములో చెప్పాను. పక్కింటి గోడ మీదుగా చెప్పాను. కాలేజీ ఆర్డరు యాకూబ్‌కే వచ్చింది. ప్రిన్సిపల్ సార్ షరతు మాత్రం ఒకటి పెట్టాడు, కొత్త మిషన్లకు పూజ ఎవరైనా చేయవచ్చు, రాజిరెడ్డి తప్ప.

మరుసటి దసరాకు యాకూబ్ వస్తాడో రాడోనని వాకిట్లోనే నిలబడ్డాను. ఎప్పుడూ అందరికంటే ముందు వచ్చేవాడు, ఆ ఏడు అందరికంటే వెనక వచ్చాడు. జమ్మిని నా చేతికి ఇవ్వలేదు. తనే నా చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టాడు.

"ఇగ ఇప్పుడు తీస్కో అలాయ్ బలాయ్" అన్నాడు.

రాజిరెడ్డి అనే నేను, ఇకమీదట జమ్మిని జేబులోనే దాచుకుంటానని, ఎదుటివాడి మాట వినకుండా ఏ డబ్బాకూ, ఏ మనిషికీ సీలు వేయనని అంతఃకరణ శుద్ధితో ప్రమాణం చేస్తున్నాను. ఆ సాయంత్రం యాకూబ్‌ను కంప్యూటరు దగ్గరికి తీసుకుపోయి కూడా ఈ మాటే అన్నాను. అతను వినడం లేదు, వంగి డబ్బా వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. గూటికి అట్టముక్క అడ్డం పెట్టి, చుట్టూ లక్క పోసి ఉంది. దాని మీద సుగుణ సంతకం. వంటింట్లో మిక్సీ మోగుతోంది.