కోతపండుగ పాటలో దక్కిన బ్యాట్

కోటబొమ్మాళి బాప్టిస్టు చర్చి వెనక ధాన్యం ఆరబెట్టే సిమెంటు గచ్చు ఉంది. రెండేళ్ల కిందట దాని మీద తెల్ల గీతలు పడ్డాయి, మధ్యన నడుం ఎత్తున ఒక వల వచ్చింది. అప్పటినుంచి ఉదయ ప్రార్థన అయ్యాక కొందరు అక్కడ పికిల్‌బాల్ ఆడుతున్నారు. చేతిలో పట్టేదాన్ని ప్యాడిల్ అనాలని మందుల షాపు బాబీ చెప్పి చెప్పి అలిసిపోయాడు. అందరూ బ్యాట్ అనే అంటారు.

రాబర్ట్ రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా రాత్రి డ్యూటీలే. అతను లాంతరు దించి ఇంటికొచ్చే వేళకి భార్య శాంతి అంగన్‌వాడీకి బయల్దేరేది. గుమ్మంలో ఒకరి భుజం ఒకరికి తగిలేది, అంతే. పొద్దుటి వెలుగు శాంతి ముఖం మీద ఎలా వాలుతుందో అతనికి ఈ గచ్చు మీదే తెలిసింది. ఇద్దరూ జోడీగా ఆడేవాళ్లు. ఆమె కుడి పక్కన, అతను ఎడమ పక్కన. చర్చి పెట్టెలోని వెడల్పాటి చెక్క బ్యాట్లతో ఇద్దరూ తప్పుతూ, నవ్వుతూ, మెల్లగా నేర్చుకుంటున్నారు. ఈస్టరు మర్నాడు నరసన్నపేట చర్చి వాళ్లతో పోటీకి ఆ జోడీనే పంపుదామన్నాడు బాబీ. శాంతి ఆ సంగతి వీధంతా చెప్పుకుంది.

అంతలో కోతపండుగ వచ్చింది.

పండుగనాడు జనం తెచ్చిన కానుకల్ని ఆరాధన అయ్యాక వేలం పాట పెడతారు. గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటిగెలలు, కొత్త ధాన్యం. పాటలో దక్కింది దేవుడి చేతిమీదుగా వచ్చినట్టే. దాన్ని తిరిగివ్వరు, అమ్మరు, మూలన పడెయ్యరు. ఈసారి రెండు గుమ్మడికాయల నడుమ ఒక నల్ల బ్యాట్ ఉంది. అది పెట్టింది ఏసమ్మ.

గచ్చు మీద గీతలు గీసినవాడు ఆమె కొడుకు థామస్. ఊళ్లో అందరికంటే బాగా ఆడేవాడు. వానాకాలంలో హైవే మీద బండి జారి చనిపోయాడు.

పాట పెట్టే ఆదాము బ్యాట్ పైకెత్తాడు. ఎవరూ ధర చెప్పలేదు. బాబీ తల వంచుకున్నాడు.

"ఏటర్రా, మాటాడరేటి?" అన్నాడు ఆదాము.

"మన రాబర్టున్నాడు కదేటి! రైల్వే టీములో బాల్ బ్యాడ్మింటన్ ఆడినోడు. ఆ సేతికే సరిపోతాది" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

రాబర్ట్‌కి ఆ ఆటలోని ఉన్ని బంతి గుర్తొచ్చింది, మణికట్టు విసురు గుర్తొచ్చింది. ఏసమ్మ తనవైపే చూస్తోంది. చెయ్యెత్తాడు. అతని మీద ఎవరూ ధర పెంచలేదు. బ్యాట్ అతనిదైంది.

మర్నాడు నల్ల బ్యాట్‌తో మొదటి దెబ్బకే బంతి గీత దాటింది. రెండోది గోడ దాటి పక్కింటి పశువుల పాకలో పడింది.

"బాబాయ్, మెల్లగా" అన్నాడు బాబీ.

"మెల్లగానే కొట్టేన్రా."

బాబీ దగ్గరికొచ్చి రెండు బ్యాట్లనీ పక్కపక్కన పెట్టి చూపించాడు. చెక్కది వెడల్పు, మందం, పొట్టి పిడి. తప్పు కొట్టినా కాస్త సర్దుకుంటుంది. నల్లది సన్నం, పల్చన, పొడుగు పిడి. ఏళ్ల తరబడి ఆడి చెయ్యి కుదిరినవాళ్ల దగ్గర పదునుగా ఆడుతుంది. కొత్తవాళ్లు చిన్న తప్పు చేస్తే దాన్ని పెద్దది చేసి బయట పారేస్తుంది.

"నేను కొత్తోణ్ణేటి?"

"ఈ ఆటకి కొత్తోడివే బాబాయ్. ఉన్ని బంతి వేరు, ఇది వేరు. నీ మణికట్టు ఇంకా ఆ ఆటే ఆడతన్నాది."

"అయితే నువ్వు తీసుకోరా."

బాబీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నా వల్ల కాదు బాబాయ్. థామస్ గాడి సేతిలో సూసిన బ్యాట్ అది."

రాబర్ట్ శ్రీకాకుళం వెళ్లాడు. ఆటల సామాన్ల షాపులో కుర్చీలో కూర్చున్నతను ఎన్నాళ్లనుంచి ఆడుతున్నారని అడిగాడు. కాసేపు ఆలోచించి వెడల్పాటి మొహం ఉన్న మెత్తని బ్యాట్ ఒకటి చేతికిచ్చాడు. అది నిద్రపోయే పిల్ల తలలాగా అరచేతిలో ఒదిగింది. రాబర్ట్ దాన్ని గాలిలో రెండుసార్లు ఊపి, తిరిగి బల్ల మీద పెట్టేశాడు. ఖాళీ చేతులతో బస్సెక్కాడు.

ఎందుకంటే రోజూ పొద్దున్నే ఏసమ్మ చర్చి మెట్టు మీద వచ్చి కూర్చుంటోంది. చెక్క బ్యాట్‌ది మొద్దు చప్పుడు. నల్ల బ్యాట్‌ది వేరు, చలికాలం కొబ్బరిచిప్ప పగిలినట్టు ఒక శుభ్రమైన చప్పుడు. అది వినగానే ఆమె మెడ కాస్త పైకి లేస్తుంది. బంతి ఎటు పోయిందో ఆమె చూడదు.

"ఏసమ్మప్పకి నువ్వు సెప్పకపోతే నేను సెప్తాను" అంది ఒకరోజు శాంతి, ఇంటికి నడుస్తూ. "ఆటలో నిలబడనేకపోతన్నాం."

"ఏటని సెప్తావే? నీ కొడుకు బ్యాట్ మాకొద్దు అనా?"

శాంతి నాలుగడుగులు నడిచింది. పొలం గట్టున మంచు కరుగుతోంది. "ఆ మనిషిని రావద్దని ఎలాగంటాం మావా" అని తనలో తనే అనుకున్నట్టు అంది.

ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం వరకూ రాబర్ట్ ఒంటరిగా గోడకేసి కొట్టి సాధన చేశాడు. మోచెయ్యి వాచింది. బంతి వినలేదు. చివరికి బాబీని పిలిచి, "శాంతి పక్కన నువ్వు నిలబడు" అన్నాడు.

"పిన్ని ఊరుకోదు."

"అది ఆడాలిరా. ఊరంతా సెప్పుకుంది. నేను పక్కనుంటే ఓడిపోద్ది."

శాంతి ఆ రాత్రి అన్నం వడ్డించింది. మజ్జిగ పోసి, గ్లాసు కాస్త గట్టిగా కింద పెట్టింది.

ఈస్టరు మర్నాడు గచ్చు చుట్టూ కుర్చీలు వేశారు. నరసన్నపేట వాళ్లు వ్యాన్‌లో దిగారు. ఏసమ్మ తెల్లచీరలో వచ్చి రాబర్ట్ పక్కనే కూర్చుంది. అతని ఒళ్లో నల్ల బ్యాట్ ఉంది, మెరిసేలా తుడిచి ఉంది.

"నువ్వాడవేట్రా?" అందామె.

"ముందు వాళ్లాడతారప్పా."

వలకి అవతల బంతి లేచింది. శాంతి ముందుకొచ్చి మెత్తగా తట్టింది. అది వల అంచు దాటి, అవతలివాళ్లు చేరేలోపు వాలిపోయింది. చప్పట్లు మోగాయి. ఆమె నవ్వుతూ అలవాటుగా ఎడమపక్కకి తిరిగి చెయ్యి చాపింది. అక్కడ బాబీ ఉన్నాడు. ఒక్క క్షణం చెయ్యి గాలిలో ఆగింది. తర్వాత బాబీ దాన్ని తట్టాడు.

రాబర్ట్ బ్యాట్ పిడిని పట్టుకుని వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు.

"ఇంకా నీ వంతు రానేదేట్రా?" అంది ఏసమ్మ, మెడ చాచి.

"వస్తాదప్పా" అన్నాడు. "కూకో, వస్తాది."