నా పుస్తకం నాకే పంపినాడు

ఈ పొద్దు ఆదోనిలో పుస్తకాల అంగడాయన నా కథల పుస్తకం ఐదు కాపీలు వెనక్కి ఇచ్చేసినాడు. "పోటీ పరీక్షల గైడ్లు తప్ప ఇంకేమీ పోవడం లేదప్పా, ఏమనుకోవద్దు" అన్నాడు. మొదటిది అమ్ముడుపోలేదని రెండో పుస్తకం వేసేకి పబ్లిషరు మొన్ననే కాదన్నాడు.

ఆ కట్ట ఒళ్లో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కితే, పక్క సీటాయన ఫోన్లో నా పుస్తకమే చదువుతాన్నాడు. మనసాగక అడిగినా.

"యాడ కొన్నావన్నా?"

"కొనేదేముందప్పా, గ్రూపులో వచ్చింది. మగ్గం నేసేటోళ్ల కథలు, శానా బాగుండాయి. నీ నెంబరు సెప్పు, పంపిస్తా."

నేనెవరో చెప్పలేదు. నెంబరు మాత్రం చెప్పినా. ఫైలు తెరిస్తే మొదటి పేజీలోనే నా చేతిరాత: "మగ్గం మాటలన్నీ నేర్పిన నాగన్నకు, ప్రేమతో." కింద నా సంతకం.

నాగన్న నేత పనాయన. రెండేండ్లు ఆయన మగ్గం పక్కన కూర్చొనే ఆ కథలు రాసినా. అచ్చయిన తొలి కాపీ ఆయనకే ఇచ్చినా. పది మందీ చదవాలని ఒక్కో పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టినట్టుండాడు. కొన్ని పేజీల అంచున రంగు మరకల బొటనవేలు గూడా పడింది. ఫోన్ చేసి అడిగేకి నోరు రాలేదు.

ఆ ఐదు కాపీలు ఇంట్లోనే ఉన్నాయి. కొని చదివేటోళ్లుంటే చెప్పండి. పేరు రాసి సంతకం చేయమని మాత్రం అడగొద్దు. మళ్లా గ్రూపులోకి పోతే, ఎవరి చేతి నుంచి పోయిందో నాకు తెలియకుంటేనే మేలు.