గోదాము నిండినా కొనే కణం

మొన్న గేటుకు రంగు వేయిద్దామని థిన్నర్ డబ్బా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే, ఎప్పుడూ అలాంటి వాసనే వేసే సుగుణ మేడం ప్రయోగశాల గుర్తొచ్చింది. ఆవిడ నెల్లూరులో ఒక వైద్య కళాశాలలో పాథాలజీ ప్రొఫెసరు. నేను వాళ్లకు మైక్రోస్కోపు గాజు పలకలు అమ్మేవాణ్ణి. ముత్తుకూరులో మా నూనె కొట్టులోనే పెరిగాను. పెళ్లిచూపుల్లో కూడా కొసరు అడిగిన రకం. నా ధర వినగానే మేడం, "మళ్లీ చెప్పు, ఈసారి కాస్త సిగ్గుపడుతూ చెప్పు" అనేవారు.

ఆ రోజుల్లోనే నాయనకు గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. నొప్పి తగ్గగానే ఆయన మాత్రలు మానేశాడు. "సరుకు దిగినాక కూడా బండికి బాడుగ కడతానే ఉంటారంట్రా?" అనేవాడు. వాదన అచ్చం నా బేరాల్లాగే ఉండేది. భయం మాత్రం పోలేదు. మేడంకి చెప్పుకుంటే, "తీసుకురా, తిట్టనులే" అన్నారు.

ఆమె నాయనను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. పలక మీద ఉన్నది గుండెపోటుతో చనిపోయిన ఒకాయన రక్తనాళపు గోడ ముక్క.

"ఇదేందమ్మా, సబ్బు నురగా?"

"కాపలా కణాలండీ. గోడలో చెత్త ఏరడానికి వచ్చాయి. పాడైన కొవ్వు మింగి మింగి ఇట్లా అయ్యాయి."

"కడుపు నిండితే ఆపవా?"

"మామూలు కణం చాలనుకోగానే కొవ్వును లోపలికి తీసుకునే తలుపులు తగ్గించుకుంటుంది. వీటికున్న కొన్ని తలుపులకు ఆ చాలు అనేదే లేదు."

నాయన తలెత్తకుండానే, "గోదాము నిండినా కొంటానే ఉండాడా! ఈడు మావాడికన్నా తెలివితక్కువోడు" అన్నాడు. మేడం పగలబడి నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలు చిన్న చిన్న ప్రోటీన్లతో కబుర్లు పంపుతాయట. ఒక కబురు తలుపులు పెంచమంటుంది, ఇంకొకటి తగ్గించమంటుంది. "ఏది ఎప్పుడు మేలు చేస్తుందో మాకూ పూర్తిగా తెలీదు" అంటున్నప్పుడు ఆమె గొంతు ప్రార్థనలో ఉన్నట్టు తగ్గింది. పుట్టినప్పటినుంచీ అంగడి అరుపుల్లో బతికినవాణ్ణి. నా ఒంట్లోనే, చప్పుడే లేకుండా, ఇంత వ్యవహారమా అని ఒళ్లు జలదరించింది.

"ఈయనకి నొప్పి తెలిసిందామ్మా?" నాయన అడిగాడు.

"చివరిదాకా ఏమీ లేదన్నారు ఇంట్లోవాళ్లు. స్టెంటు ఒక్కచోటే దారి తెరుస్తుంది పెద్దాయనా. మాత్రలు మిగతా గోడ కోసం."

నాయన ఇంకోసారి మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. లేచి నావైపు తిరిగి, "మాత్రలు యాడ పెట్టినావురా?" అన్నాడు. నా జేబులోనే ఉన్నాయి.

మేడం ఇప్పుడు లేరు. రోజూ పొద్దున మాత్ర ఇస్తూ నాయన మణికట్టు పట్టుకుంటాను. నాడి కొట్టుకుంటూ ఉంటుంది. ఆ చర్మం కింద ఏ కబురు ఏ తలుపు తీస్తోందో, ఏది మూస్తోందో. దేనికైనా బేరమాడే నా నోరు అక్కడ పెగలదు.