ఈస్టర్ పాటకు పట్టిన కల్లు వాసన

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లోకంలో ఏది చెడిపోయినా ఎవరిదో ఒకరి పాపమే కారణమని, ఆ ఒకరు మాత్రం నేను కాదని. బైబిలు బడిలో చదువు ముగించి, కొడకండ్ల పక్కనున్న మా పల్లెకు వాక్యంతో పాటు గీతల మీద రాసే ఇంగ్లీషు సంగీతం కూడా కొంచెం నేర్చుకుని వచ్చాను. (కొంచెమని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అంతా వచ్చనే అనుకున్నాను.) మా మందిరంలో హార్మోనియం పెట్టె వాయించేది నాకు వరుసకు అన్న, ఊరంతా పెట్టె అన్న అనేవాళ్లు. ఆయనకు గీతలు తెలియవు, సరిగమలు రాసిస్తే వాయించేస్తాడు. ఈస్టర్‌కు కొత్త పాట కావాలని పాస్టరు అయ్యగారు అడిగితే, గీతల్లో ఉన్న పాటను సరిగమల్లోకి మార్చే పని నేనే మీద వేసుకున్నాను. ఆ పండుగనాడే పెట్టె అన్నకు బాప్తిస్మం. ఏళ్ల తరబడి కల్లు తాగి, కష్టపడి మానేసిన మనిషి. మళ్లీ ముట్టాడని తెలిస్తే బాప్తిస్మం ఆపేస్తామని పెద్దలు ముందే చెప్పారు.

మొదటి సాధనలో పాట చక్కగా మొదలై, రెండో వరుసలో ఒక్కచోట అన్నంలో రాయిలా తగిలింది. ఎన్నిసార్లు వాయించినా అక్కడే. పెట్టె విప్పించి దుమ్ము దులిపాను. లోపల దొరికిన బొద్దింకను స్తోత్రం చెప్పి మరీ బయట పారేశాను. బాగుపడలేదు. ఇది ఆత్మీయ సమస్యేనని తేల్చి అందరితో ఉపవాసం చేయించాను. ఒక అవ్వ లేచి, కోడలికి పెట్టకుండా కూర దాచుకున్నానని ఒప్పుకుని ఏడ్చింది. ఆ స్వరం మాత్రం మారలేదు. అప్పుడు నా చూపు అన్న మీద పడింది.

"అన్నా, నిజం జెప్పు. మళ్ల ముట్టినవా?"

"దేవుని తోడు, ముట్టలే తమ్మీ! నువ్వు రాసింది రాసినట్టే ఒత్తుతున్న."

(ఒట్టు పెట్టుకోకూడదన్న వాక్యం ఎత్తి, దానికి కూడా మందలించాను.)

సంగతి పెద్దల చెవిన వేశాను. "గట్లయితే ఈ పండుగకు ఆపుదాం" అన్నారు. అన్న తల దించుకున్నాడు. శుద్ధమైన వేళ్లు ఎలా పలికిస్తాయో చూపిద్దామని ఆయన్ను పక్కకు జరిపి నేను కూర్చున్నాను. నేను రాసిందే వాయించాను. సరిగ్గా అక్కడే, అదే రాయి!

వెనక నుంచి అన్న భార్య, మా వదిన లేచింది. "అయ్యగారూ, జర మా మరిది నోరు గుడ వాసన సూడుండ్రి. పొద్దుగాల్నే తాగొచ్చినట్టున్నడు."

"మమ్ముల ఆకలికి మాడవెడితివి గదరా, నీ నోట్ల మన్నువడ!" అంది కూర దాచిన అవ్వ.

చెవులు కాలుతుండగా అసలు పుస్తకం తెరిచాను. ప్రతి వరుస మొదట్లో ఒక చిన్న గుర్తు. అచ్చువాళ్ల అలంకారం అనుకుని వదిలేసినది. 'ని' ఎక్కడ వచ్చినా కాస్త తగ్గించి, నల్లమెట్టు మీద పలికించాలని దానర్థం. ఈ పాటలో 'ని' వచ్చేది ఆ ఒక్కచోటే. నేను దాన్ని తెల్లమెట్టు మీదికి తోలాను. దిద్ది ఇవ్వగానే అన్న వేళ్ల కింద పాట సాఫీగా సాగింది. పెద్దలు తమ మాట వెనక్కి తీసుకున్నారు.

ఈస్టర్‌నాడు నీళ్లలోంచి లేచి, తడి తలతోనే అన్న పెట్టె ముందు కూర్చున్నాడు. నేను చివరి వరుసలో నిలబడి పెదవులు మాత్రం కదిపాను. ఆరాధన అయ్యాక ఆయనే వచ్చి, "తమ్మీ, ఇంకో పాట రాసియ్యరాదు" అన్నాడు. ఆ ముఖంలోకి చూడలేకపోయాను.

ఇప్పుడు నేను కూడా సంఘపెద్దనే. పాట ఎక్కడ పక్కకు పోయినా మా వాళ్లెవరూ పెట్టె వైపు చూడరు. ముసిముసిగా నా వైపు తిరుగుతారు. వాళ్లలో సగం మంది అప్పటికి పుట్టనైనా లేదు. తల వంచుకుని నేను కూడా నవ్వుతాను.