మింగానంటే నమ్మాలి

మా అత్త సెల్‌ఫోన్ టార్చి వెలిగించి నా నోట్లోకి చూసేది. "నాలుక లేపు" అనేది. లేపేదాన్ని. "గీ దిక్కు దవడ" అనేది. చూపించేదాన్ని. ఆరో తరగతి చదివే కూతురికి తల్లిని. కల్లంలో ఆడవాళ్లందరిలో నోరున్న మనిషినని పేరు తెచ్చుకున్నదాన్ని. అలాంటిదాన్ని పొద్దున తిండి కాగానే దొంగతనం చేసి దొరికినట్టు నోరు తెరిచి నిలబడేదాన్ని. అప్పటికే మాత్ర కడుపులోకి పోయి ఉండేది. ఆమె నమ్మేది కాదు.

మాది ఆర్మూరు. వేల్పూర్ దారిలో కొంచెం పొలం ఉంది, అందులో పసుపు వేస్తాం. మా ఆయన దుబాయ్‌లో లారీ నడుపుతాడు. ఇంట్లో అత్త, నేను, నా బిడ్డ. ఆ ఏడు పసుపు తవ్వడం అయిపోయి ఉడకబెట్టే పని జోరు మీదున్నప్పుడు నాకు జబ్బు చేసింది. జ్వరం లేదు, నొప్పి లేదు. ఏడుపు కూడా రాలేదు. ఏడుపు వచ్చినా బాగుండేది, చూసేవాళ్లకు అర్థమయ్యేది. పొద్దున కళ్లు తెరిస్తే లేవాలన్న ఆలోచనే ఒళ్లంతా బరువెక్కించేది.

కల్లంలో కొమ్ములు ఒక పక్కకు, మండలు ఒక పక్కకు వేరు చేసే పని నాది. కొమ్ములంటే వేళ్లలా సన్నగా ఉండేవి, మండలంటే లావుగా, గుండ్రంగా ఉండే తల్లి దుంపలు. కళ్లు మూసుకుని చేయగల పని అది. ఒక రోజు కొమ్ము చేతిలో పట్టుకుని, దీన్ని ఎటు వేయాలో తోచక అలాగే కూర్చుండిపోయాను. పక్కనున్న ఆమె కిసుక్కున నవ్వింది. నాకు కోపం రాలేదు. నాకు కోపం రాలేదంటే మా వాడకట్టులో ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఎవరో ఇంటికి మోస్తే మా అత్త నిజంగా భయపడింది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. తర్వాత ఇంకేమీ ఆలోచించకుండా నన్ను నిజామాబాద్ బస్సెక్కించి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లింది. ఆ ఒక్క విషయంలో ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలి. చాలా ఇళ్లల్లో తాయెత్తు దగ్గరే ఆగిపోతారు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. నాది డిప్రెషన్ అని చెప్పింది. ఒక మందు రాసి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టమంది. పట్టాను. ఏమీ కాలేదు. మోతాదు పెంచింది. ఏమీ కాలేదు. మందు మార్చింది. అదీ అంతే. కొందరికి నోరు ఎండిపోతుందట, కొందరికి నిద్ర ముంచుకొస్తుందట. నాకు మంచీ లేదు, చెడూ లేదు. మాత్ర బదులు సుద్దముక్క మింగినా అంతే ఉండేది.

అక్కడే మా అత్తకు అనుమానం పుట్టింది. మంచి డాక్టరు, మంచి మందు, పని చేయదంటే ఏమిటి? కోడలు మింగడం లేదు. అంతకంటే సూటి లెక్క ఆమెకు కనిపించలేదు. టార్చి అప్పుడు మొదలైంది. నోట్లో ఏమీ దొరకకపోయేసరికి వాకిలి వెతికింది, తులసి కుండీలో మట్టి గెలికింది, వాడిన నీళ్లు పోయే మోరీలోకి కట్టె పెట్టి చూసింది. ఎక్కడా మాత్ర లేదు. ఒక మధ్యాహ్నం మా గోధుమరంగు కోడిపెట్ట గోడ నీడన కళ్లు మూసుకుని కునుకుతూ కనిపించింది. మా అత్త దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఏమే, దీనికి ఏస్తున్నవా మాత్రలు?"

"కోడికి ఎందుకేస్త అత్తమ్మా?"

"మరి గిదెందుకు గిట్ల పన్నది పట్టపగలు?"

నేను బాగున్న రోజుల్లో అయితే ఆ మాటకు వాడకట్టంతా వినేలా నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వలేకపోయాను. ఆ సాయంత్రం ఆమె దుబాయ్‌కి ఫోన్ చేసి కొడుకుతో కోడి సంగతి కూడా కలిపి చెప్పింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. దూరం ఉన్నవాడు, అంతే. దూరం ఉన్నవాళ్లకు ఎవరు ముందు చెబితే అదే నిజం. అప్పటి నుంచి ఫోన్ వస్తే ముందు తల్లిని అడిగేవాడు, "ఏందే అవ్వా, మింగుతుందా?" అని. నేను పక్కనే ఉండేదాన్ని. ఒక రోజు అసలు మాట అన్నాడు. "పిల్ల ఆగమైతది. ఈ ఎండకాలం సెలవులకు అక్క దగ్గరికి పంపుదాం. ఈమెకు మంచిగయ్యేదాంక ఆడనే బడికి పోతది."

వాళ్ల అక్కది సిరికొండ. నా కంటే పెద్దది, నాకు వదిన. మంచి మనిషే, పిల్లను బాగా చూసుకుంటుంది. కానీ నాకు మంచిగయ్యేదాకా అంటే ఎప్పటిదాకా? మందు పని చేయడం లేదు. మింగడం లేదని వీళ్లు నమ్మినంతకాలం ఇంకో మందు గురించి ఎవరూ ఆలోచించరు. నా బిడ్డ వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగేవాళ్లు లేరు. అంత జబ్బులోనూ అది మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది.

మా అత్త ఆఖరి అవకాశమిచ్చింది. మా దిక్కున మాట మీద నమ్మకం పోతే కన్నబిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేయమంటారు. బిడ్డను పిలిచి నా ముందు కూర్చోబెట్టింది. "పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. మింగుతున్న అని. నేను మల్ల అడుగ."

నేను చెయ్యి పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదంటే చాలామంది చాలా అనుకున్నారు. భయమేమీ కాదు. నేను మింగుతున్నాను, నాకు తెలుసు. ఒక మాత్ర కోసం నా బిడ్డ తలను ఎందుకు పణం పెట్టాలి? నా నోటితో చెప్పిన మాట చాలదా? అంత జబ్బులో, అంతా చచ్చిపోయి ఉన్న నాలో, ఆ ఒక్కటి మాత్రం బతికే ఉంది. "నేను చెప్పిన గద. గంతే. పిల్ల మీద ఒట్టెయ్య" అన్నాను. మా అత్త లేచి లోపలికి పోయి నా బిడ్డ బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

తర్వాతిసారి నిజామాబాద్ వెళ్లినప్పుడు ఆమె డాక్టరమ్మతో మొహం మీదే చెప్పేసింది. "మింగుతలేదు మేడం. ఒట్టు కూడ ఎయ్యలే."

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఎన్ని నెలల తర్వాతో. "మింగుతున్న మేడం! రోజు మింగుతున్న! కోడి తింటలేదు!" అని అరిచాను. బయట కూర్చున్నవాళ్లు కూడా తలుపు వైపు చూసి ఉంటారు. డాక్టరమ్మ కలం కింద పెట్టి "కోడేంటి?" అంది. మా అత్త కోడి కథ మొత్తం చెప్పింది. డాక్టరమ్మ నవ్వకుండా విన్నది, అందుకు ఆమె ఎంత కష్టపడిందో నాకు కనిపించింది.

తర్వాత నా వైపు తిరిగి, "మింగకపోతే మందు పని చేయదు, నిజమే. మింగినా పని చేయకపోవడమూ ఉంటుంది" అంది. మందును ఒంట్లో కాలేయం విరగ్గొడుతుందట. కొందరిలో మెల్లగా, కొందరిలో మరీ తొందరగా. అది పుట్టుకతో వచ్చే గుణమట, జన్యు పరీక్షలో కొంత తెలుస్తుందట. "ఏ మందుతో నయమవుతుందో ఈ పరీక్ష చెప్పదు. ఏ మందు మీ ఒంట్లో నిలవదో ఒక అంచనా ఇస్తుంది. ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కానీ రెండు మందులు విఫలమయ్యాయి కాబట్టి చూడటం మంచిది" అంది.

నేను సూది గుచ్చుతారనుకున్నాను. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల రాసి, గొట్టంలో పెట్టి మూత వేశారు. "గింతేనా? రక్తం వద్దా?" అంది మా అత్త. హైదరాబాద్ పంపిస్తామన్నారు.

ఎదురుచూసిన ఆ రోజుల గురించి ఒక మాట చెప్పాలి. నాకే నా మీద అనుమానం మొదలైంది. ఇంతమంది అంటున్నారు, నిజంగా మింగుతున్నానా? మతిమరుపులో ఎక్కడన్నా పారేస్తున్నానా? మాత్ర వేసుకున్నాక గొంతు తడిమి చూసుకునేదాన్ని. జబ్బు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. గోడ పక్కన నా బిడ్డ సంచి అలాగే ఉంది. ఇంకొన్ని రోజుల్లో సెలవులు. పిల్ల ఆ సంచి పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునేది.

దవాఖాన నుంచి పిలుపు వచ్చింది. మా ఆయన కూడా వినాలని మా అత్త డాక్టరమ్మ ముందే వీడియో కాల్ కలిపింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నాకిచ్చిన రెండు మందులూ నా ఒంట్లో ఒకే దారిలో విరిగిపోతాయట. ఆ దారి నాలో అందరికంటే చాలా చురుగ్గా పని చేస్తుందట. అవి పని చేసేంత కాలం, చేసేంత మోతాదులో నిలిచి ఉండకపోవచ్చట. వేరే దారిలో పోయే మందు రాస్తానంది.

నాకు లేచి గంతులేయాలనిపించింది. కానీ ఫోన్‌లోంచి మా ఆయన అడిగాడు. "అంటే మేడం, ఆమె మింగిందని గా పరీక్షల తేలిందా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "లేదండి. మింగారో లేదో పరీక్ష చెప్పదు. మింగినా ఫలితం ఉండకపోవచ్చని మాత్రం చెబుతుంది."

అంతా మళ్లీ మొదటికొచ్చింది. విజ్ఞానం కూడా నన్ను గుమ్మం దాకా తెచ్చి వదిలేసింది. లోపలికి రానివ్వాల్సింది మనుషులే.

మా అత్త జీవితమంతా పసుపు ఉడకబెట్టిన మనిషి, ఆమె పుల్ల గుచ్చి చూసి దించమంటేనే మా ఇంట్లో కడాయి దిగుతుంది. "మేడం," అంది మెల్లగా, "కొమ్ములు, మండలు ఒక్కతాన పోసి ఉడకబెడితె కొమ్ములు జల్ది ఉడుకుతయి, మండలు పచ్చిగనే ఉంటయి. ఒక్క మంటనే, ఒక్క నీళ్లే. గసుంటిదేనా గిది?"

"దాదాపు అలాంటిదేనమ్మా" అంది డాక్టరమ్మ.

మా అత్త ఫోన్ మొహానికి దగ్గరగా లాక్కుంది. అంత గట్టిగా మాట్లాడటం నేను మునుపెన్నడూ వినలేదు.

"ఒరేయ్, ఇను. అది మింగింది. రోజు నేనే జూసిన. నాలుక లేపి జూసిన, దవడలు జూసిన, మోరీల కట్టె పెట్టి జూసిన. ఒక్కనాడన్న మాత్ర దొరికిందా నాకు? దొరకలే! మింగింది గాబట్టె దొరకలే! నా కండ్లతోని జూసి కూడ నేను నమ్మలే, కోడిని అనుమానపడ్డ. పరీక్ష జెప్పకపోతె నేను జెప్తున్న. అది మింగింది. పిల్ల ఏడికి పోదు."

ఫోన్‌లో మా ఆయన "సరె అవ్వా" అన్నాడు. ఆ తర్వాత నా పేరు పెట్టి పిలిచి, "జర మంచిగ చూసుకో" అన్నాడు.

కొత్త మందు ఇంకా నా చేతికి కూడా రాలేదు. జబ్బు జబ్బులాగే ఉంది. అయినా ఆ గదిలో నేను గెలిచాను. ఆ సంతోషం ఎంతంటే, దవాఖాన మెట్లు దిగుతూ మా అత్త భుజం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. నెలల తర్వాత వచ్చిన ఏడుపు అది. బస్టాండు దాకా ఆపలేదు. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. చెరుకు రసం ఇప్పించి, తాగేదాకా పక్కనే నిలబడింది. ఇంటికి రాగానే పిల్ల సంచి విప్పి బట్టలు మళ్లీ అలమారలో పెట్టింది.

కొత్త మందు తొందరపడలేదు. మొదట్లో కడుపులో వికారం పెట్టింది. ఆ వికారానికి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఏదో ఒకటి చేస్తోంది కదా, నా ఒంట్లో ఉంది కదా అని. తర్వాత ఒక పొద్దున ఎవరూ లేపకుండా లేచాను. చాయ్ పెట్టుకుని తాగుతుంటే, తీపి తగిలింది. ఇంకొన్నాళ్లకు కల్లంలో కిసుక్కున నవ్విన ఆమె నీళ్ల ట్యాంకర్ దగ్గర నా బిందె జరిపింది. దాని తాతలు గుర్తొచ్చేలా తిట్టాను. వాడకట్టు మొత్తం బయటికొచ్చింది. మా అత్త గుమ్మంలో నిలబడి, "మంచిగైంది, మస్తు మంచిగైంది" అని అందరికీ చెప్పింది.

వానలు పడి బడులు తెరిచాక సిరికొండ నుంచి వదిన వచ్చింది. పాత మాట ఇంకా ఆమె మనసులో ఉన్నట్టుంది. చెప్పులు విప్పి కూర్చోగానే తల్లిని అడిగింది. "ఇప్పుడన్న మాత్రలు మంచిగ మింగుతుందానే?"

మా అత్త చాయ్ గ్లాసు ఆమె చేతికిచ్చింది. "నన్నెందుకు అడుగుతున్నవ్? ఆమె ఈడనే ఉన్నది గద. ఆమెనే అడుగు."

వదిన నా వైపు తిరిగింది.

"మింగుతున్న వదినా" అన్నాను.

"సరె" అంది. చాయ్ ఒక గుక్క తాగి ఇల్లంతా చూసింది. "పిల్లేది మరి?"

"బడికి పోయింది" అన్నాను.