ఎడమ కాలి పని

మల్సూర్‌కు ఎడమ మోకాలు పోయి ఏడాది దాటింది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు సూర్యాపేటలో ఎముకల డాక్టరు. ఇంకొకరు భార్య ద్వాళి.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేదు.

"ఏం పని చేస్తవ్?"

"డ్రైవర్‌ని సార్."

"గేర్ల బండేనా?"

"గేర్లదే."

"క్లచ్ తొక్కుడు బంద్ చెయ్యాలె. మోకాలు మార్చినా మునుపటి లెక్క తొక్కలేవు."

మల్సూర్ ఎక్స్‌రేను కవర్లో పెట్టుకున్నాడు. దవాఖాన ముందు ఆపిన బండి ఎక్కాడు. క్లచ్ తొక్కి మిర్యాలగూడ వచ్చాడు.

ఇరవై రెండేళ్లుగా ఆయన దామోదర్ గారి డ్రైవరు. మిర్యాలగూడ శివారులో దామోదర్‌కు రైస్ మిల్లు ఉంది. మిల్లు ఆవరణలో, గోదాము వెనక, డ్రైవరుకు ఒక గది. ద్వాళి సంసారమంతా ఆ ఒక్క గదిలోనే గడిచింది. మఠంపల్లి దగ్గరి తండాలో అన్నదమ్ములు ఇల్లు పంచుకున్న రోజున మల్సూర్ తన వాటా వదులుకున్నాడు. "నాకు గది ఉన్నది గదా" అన్నాడు. అప్పుడు అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు.

కాలును దాచడం ఒక పని అయింది. పొద్దున్నే ద్వాళి మోకాలికి పట్టీ బిగించి కట్టేది. పైన వదులు ప్యాంటు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు మల్సూర్ ఇస్త్రీ మడత సవరించుకుంటున్నట్టు తొడ మీద ప్యాంటును పట్టుకుని కాలును పైకి లేపేవాడు. తర్వాత కాలి బరువంతా క్లచ్ మీద పడేసేవాడు.

దామోదర్ ఒకరోజు నవ్వాడు. "ఈ నడుమ షోకు ఎక్కువైంది మల్సూరూ నీకు. ఇస్త్రీ నలగనిస్తలేవు."

"వయసు పోతాంది గదా సార్. ఉన్నన్ని దినాలు షోకు చెయ్యాలె."

ఆ మాట అని ఆ రాత్రి అన్నం తినలేకపోయాడు.

వానాకాలం పంట మిల్లులకు రాకముందే దామోదర్ మిల్లు పనంతా కొడుకు నిఖిల్‌కు అప్పగించాడు. ఇక తిరగాలి అన్నాడు. లడఖ్, స్పితి, ఆ మంచు కొండలన్నీ. దానికి నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి కావాలి. ఏ కంపెనీదో తండ్రీ కొడుకులు ముందే తేల్చుకున్నారు. తేలనిది ఒకటే. ఆటోమేటిక్ తీసుకోవాలా, గేర్లదా.

మిల్లు ఆఫీసు వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. దామోదర్ భార్య సుమిత్ర మొన్న మొన్నటి దాకా బడిలో లెక్కల టీచరు. రిటైరయ్యాక డ్రైవింగ్ నేర్చుకుంది.

"ఆటోమేటిక్ తీస్కుంటే నేను గూడ నడుపుత" అంది. "చెరి సగం నడుపుకుంట పోవచ్చు. ఇద్దరమే."

"నువ్వు నడిపితే లడఖ్ దాకా ఎందుకు, హుజూర్‌నగర్ దాటకముందే స్వర్గం కనిపిస్తది."

"మీకు స్వర్గమని ఎవరు చెప్పిన్రు?"

నిఖిల్ నవ్వాడు. మల్సూర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆ ఒక్క మాటను విన్నాడు. ఇద్దరమే.

దామోదర్ ఆయన వైపు తిరిగాడు. "ఇంట్ల ఏ బండి కొన్నా మల్సూర్ మాటే. ముందు ఆయన కూసుండి నడపాలె, ఆయన సరే అనాలె. మొదట కొన్న జీపు నుంచీ గదే రివాజు. ఆదివారం కోదాడ పోతున్నం. రెండు బండ్లూ నడిపి సూడు. నువ్వు ఏది అంటే గదే."

ఆదివారానికి మూడు రోజులు ఉంది.

ఆ మూడు రోజులు మల్సూర్ మనసులో రెండు బండ్లూ నడిపాడు. ఆటోమేటిక్ అంటే ఎడమ కాలికి పని లేదు. మోకాలు బతుకుతుంది. కానీ ఆ బండి సుమిత్ర నడుపుతుంది, దామోదర్ నడుపుతాడు, నిఖిల్ నడుపుతాడు. అందరూ నడపగల బండికి డ్రైవరు ఎందుకు? డ్రైవరు లేకపోతే డ్రైవరు గది ఎందుకు?

గేర్లది అంటే ఆయన అవసరం ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద దాన్ని పట్టగలిగినవాడు ఆ ఇంట్లో ఇంకొకడు లేడు. కానీ ఘాట్ మీద క్లచ్ సగం తొక్కి పట్టాలి. గంటలకొద్దీ. ఏ కాలితో?

ద్వాళికి చెప్పాడు. ఆమె పట్టీ చుడుతూ విన్నది.

"కాలు కావాల్నా, గది కావాల్నా అని అడుగుతున్నరు అంతేనా" అంది ముడి వేస్తూ.

"అంతే."

"గది లేకుంటే కాలు ఏడ సాపుకుంటవ్?"

ఆయన గేర్లదే చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

ఆదివారం పొద్దున కోదాడ షోరూములో నగేష్ అనే అమ్మకాల మనిషి ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. మాట కొంచెం ఆంధ్ర వైపు వంగి ఉంటుంది. ముందు గేర్ల బండి తాళం ఇచ్చాడు. దామోదర్ ముందు కూర్చున్నాడు, సుమిత్ర, నగేష్ వెనక. మల్సూర్ ఎక్కాడు. సీటు ఎత్తు. ఎక్కడానికే తలుపు పట్టుకుని ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

హైవే మీద బాగానే సాగింది. అయిదో గేరు పడ్డాక కాలికి పని ఉండదు. మల్సూర్ మాట్లాడటం మొదలుపెట్టాడు. "గేర్ల బండి మన చేతిల ఉంటది సార్. దిగుడుకు రెండో గేరు ఏస్తే బ్రేకు ముట్టాల్సిన పనే లేదు, ఇంజనే గుంజి పట్టుకుంటది. మంచుల బ్యాటరీ కూసుంటే నలుగురు నూకితే సాలు, స్టార్ట్ అయితది. ఆటోమేటిక్ నూకినా కదలదు." చెప్పినవన్నీ నిజాలే. అందుకే గొంతు స్థిరంగా వచ్చింది.

దామోదర్ తలూపాడు. "విన్నవా సుమిత్రా?"

"వింటున్న. కొండల మీద మనల్ని నూకే నలుగురిని గూడ వెంట తీస్కపోవాలె అన్నట్టు."

అనంతగిరి వైపు మళ్లాక దామోదర్ ఎడమ పక్కకు వేలు చూపాడు. "కాలువ కట్ట మీదికి ఎక్కియ్. గట్టు ఎట్ల ఎక్కుతదో సూద్దాం."

సాగర్ కాలువ నిండుగా పారుతోంది. కట్ట మీదికి మట్టి దారి నిటారుగా ఉంది. పైకి ఎక్కగానే ఆగి, కుడి వైపు తిరగాలి. ఎదురుగా నీళ్లే. మల్సూర్ మొదటి గేరులో ఎక్కించాడు. చక్రాలు నాలుగూ పట్టాయి. బండి ఆకాశంలోకి ముక్కు ఎత్తింది, తర్వాత కట్ట మీదికి వాలింది. ఇక ఆగాలి. కుడి కాలు బ్రేకు మీదికి వెళ్లింది. ఎడమ కాలు వెళ్లలేదు.

ప్యాంటు పట్టి లేపడానికి చెయ్యి ఖాళీ లేదు. మోకాలిలో ఏదో ఎముకకు ఎముక తగిలి ఇరుక్కుంది. బండి గేరులోనే ఉండి ముందుకు గుంజింది, ఎగిరింది, మళ్లీ గుంజింది. ఇంజను ఆగిపోయింది. ముందు అద్దంలోంచి మట్టి కనిపించడం లేదు. నీళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

దామోదర్ చెయ్యి డాష్‌బోర్డు మీద ఉంది. సుమిత్ర ఏదో దేవుడి పేరు సగం అని ఆపేసింది. కాలువ చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

"క్లచ్ పట్టేసింది సార్" అన్నాడు మల్సూర్. "బండిల ఏదో దోషం ఉన్నది."

దామోదర్ వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా, గిట్లాంటి బండా మాకు ఇచ్చింది? ఇంకో మూరెడు పోతే మా గతి ఏంది?"

నగేష్ దిగి డ్రైవరు వైపు వచ్చాడు. మల్సూర్ దిగడం చూశాడు. రెండు చేతులతో కాలును బయటికి తెచ్చుకోవడం చూశాడు. ఎక్కి కూర్చుని క్లచ్‌ను రెండుసార్లు తొక్కాడు. అది మెత్తగా కిందికి వెళ్లి మెత్తగా పైకి వచ్చింది. తలెత్తి మల్సూర్ మొహంలోకి చూశాడు.

"అవునండి" అన్నాడు దామోదర్‌తో. "ఈ బండికి క్లచ్ కొంచెం గట్టిగానే ఉంటుందండి. అందరూ అదే అంటున్నారు. అందుకే ఇప్పుడు ఎక్కువ మంది ఆటోమేటిక్ తీసుకుంటున్నారు."

మల్సూర్ ఆ మనిషిని చూశాడు. కాపాడాలనే అన్నాడు పాపం. ఆ ఒక్క మాటతో గేర్ల బండి ఖతం అయిపోయింది.

ఆటోమేటిక్ బండి తెచ్చారు. ఈసారి మునగాల వైపు. అది ఎక్కడ గేరు మారుతోందో తెలియకుండా పోతోంది. కానీ ఒక దాబా ముందు స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడు మల్సూర్ ఎడమ కాలు, ఇరుక్కున్న ఆ కాలే, ముప్పై ఏళ్ల అలవాటుతో ఎగిరి క్లచ్ తొక్కింది. అక్కడ క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకు ఉంది. బండి నిలువునా ఆగింది. సుమిత్ర నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. వెనక లారీ హారన్ మోగిస్తూ పక్కకు తప్పించుకుని వెళ్లిపోయింది.

"గేర్ల బండి నడిపినవాళ్లందరూ మొదట్లో ఇదే చేస్తారండి" అన్నాడు నగేష్. "ఎడమ కాలు మడిచి సీటు కిందికి తోసి పెట్టుకోండి. అది అక్కడే ఉండాలి. కదలకూడదు."

మడవడమే మల్సూర్‌కు చేతకాని పని. అయినా మడిచాడు. పాదాన్ని సీటు కిందికి లాక్కుని మడమను రాడ్డుకు ఆనించాడు. కళ్ల ముందు తెల్లగా అయింది. అలాగే మునగాల దాకా నడిపాడు. తిరిగి నడిపాడు. ఒక్క కుదుపు లేదు. చెమట మెడ మీదుగా చొక్కాలోకి దిగింది.

తర్వాత సుమిత్ర నడిపింది. మల్సూర్ వెనక కూర్చున్నాడు. ఆమె ముందు భయపడింది, తర్వాత భయం మరిచిపోయింది. "ఏమండీ, సూసిన్రా!" అంది. దామోదర్ చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. "నువ్వే తోలుకపో లడఖ్. నేను నిద్రపోత."

షోరూములో టీ ఇచ్చారు. దామోదర్ కాగితాలు ముందు పెట్టుకున్నాడు. కలం మూత తీశాడు. సంతకం పెట్టలేదు.

"చెప్పు మల్సూరూ. రివాజు తప్పొద్దు. నీ మాటే."

ఇప్పుడు కూడా గేర్లది అనొచ్చు. షోరూములో ఇంకో బండి ఉంటుంది, దాని క్లచ్ బాగుందని అనొచ్చు. దామోదర్ నమ్ముతాడు. ఇరవై రెండేళ్లు నమ్మాడు. మల్సూర్‌కు అద్దం నిండా ఉన్న నీళ్లు కనిపించాయి. ఆ నీళ్ల ముందు కూర్చున్న భార్యాభర్తలిద్దరూ కనిపించారు.

"ఆటోమేటిక్ తీస్కోండ్రి సార్."

"క్లచ్ గట్టిగున్నదనేనా?"

"క్లచ్ మంచిగనే ఉన్నది సార్. నా కాలే పోయింది."

దామోదర్ కలం కింద పెట్టాడు. "ఎన్నడు?"

"పోయిన వానాకాలం."

దామోదర్ ఏడాదిని వెనక్కి నడుపుకుంటున్నాడని మల్సూర్‌కు అర్థమైంది. శ్రీశైలం ఘాట్. తల్లిని హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయిన రోజు. మనవరాలు సింధును సెలవులకు తెచ్చి దింపిన ప్రయాణాలు.

"సింధు బండిల ఉన్నది మల్సూరూ" అన్నాడు చిన్నగా. "పిల్ల ముందు సీట్ల కూసున్నది."

"తప్పే సార్."

"ఒక్క మాట చెప్తే ఏమయ్యేది?"

దానికి జవాబు అందరికీ తెలుసు. అందుకే ఎవరూ చెప్పలేదు. దామోదర్ సంతకం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో పాత బండి సుమిత్ర నడిపింది. గేర్లు కిర్రుమన్నాయి. దామోదర్ ముందు కూర్చున్నాడు. మల్సూర్ వెనక ఎడమ పక్కన, దామోదర్ ఎప్పుడూ కూర్చునే చోట. "కాలు సాపుకో" అంది సుమిత్ర అద్దంలో చూసి. ఆయన చాపుకోలేదు. హుజూర్‌నగర్ వెళ్లిపోయింది, నేరేడుచర్ల వెళ్లిపోయింది.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ గౌరయ్య లేచి, అలవాటు కొద్దీ వెనక ఎడమ అద్దం వైపు సలాం కొట్టాడు. లోపల మల్సూర్‌ను చూసి చెయ్యి నుదుటి మీదే ఉంచుకుని నిలబడ్డాడు. మల్సూర్ తల దించుకున్నాడు.

బండి ఆగింది. సుమిత్ర తాళం తీసి, క్షణం చేతిలో పట్టుకుని, భర్తకు ఇచ్చింది.

"రేపు రాకు" అన్నాడు దామోదర్. మొహంలో కోపం లేదు. అది ఉంటే బాగుండునని మల్సూర్‌కు అనిపించింది. "నిఖిల్‌తోని మాట్లాడి చెప్త."

"గది సంగతి సార్…"

"చెప్త అన్న గదా."

గోదాము చుట్టూ తిరిగి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. ద్వాళి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన నడక చూసి ఎదురు రాబోయి ఆగింది.

"ఏ బండి తీస్కున్నరు?"

"ఆటోమేటిక్."

"నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన. కాలు సంగతి గూడ చెప్పిన."

ఆమె ఎందుకని అడగలేదు. గదిలోకి తిరిగి చూసింది. మంచం మిల్లుది. ఫ్యాను మిల్లుది. బీరువా మిల్లుది. పొయ్యి తమది, రెండు పెట్టెలు తమవి. ఆమె లోపలికి వెళ్లి పెట్టెల మీద ఉన్న బట్టల మూటను దించి కింద పెట్టింది.